పదింటికి ఒక పట్టీ

మే నెల ఎండకు హోసూరు రోడ్ల మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంటే, రేణు పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలో మంచు కొండలకు పోయేవాళ్ళ కోట్లు కుడుతున్నారు. లోపల దూది పరిచి, మెడ దాకా జిప్పు వేసుకునే బరువైన కోట్లు. వాటిని ఒళ్ళో వేసుకుని కుట్టే ఆడవాళ్ళకు మోకాళ్ళ మీద చెమటకాయలు లేచాయి.

కాళ్ళకు పొడుగాటి పట్టాలు కట్టుకుని కొండ మీంచి మంచులో జారే ఆట కోసం ఆ కోట్లు. ఆ ఆట ఆడేవాళ్ళను ‘మీ జన్మలో మరిచిపోలేని దారి ఏది?’ అని అడిగి, ఎక్కువమంది చెప్పిన మూడింటి పేర్లు కోట్లు ఆర్డరిచ్చిన కంపెనీవాళ్ళు మూడు రంగులకు పెట్టుకున్నారు. కోటు తెరిస్తే లోపలి గుడ్డ మీద ఆ దారి అచ్చువేసి ఉంటుంది. శిఖరం దగ్గర ఒక చుక్క, అక్కడి నుంచి వంకరలు తిరుగుతూ నడుము దాకా దిగే తెల్ల గీత. ఎర్ర కోటు పేరు స్ట్రైఫ్. నీలం కోటుది సారెన్. పచ్చ కోటుది వాలే బ్లాంష్. లైనులో డిగ్రీ చదివింది రేణు ఒక్కతే కాబట్టి, కృష్ణగిరి కాలేజీలో బీఎస్సీ చదివిన గౌరవం నిలుపుకోవడానికి, ఫోనులో వెతికి ఆ మూడు దారుల కథలూ భోజనాల వేళ అందరికీ చెప్పింది. మొదటిది ఆస్ట్రియాలో పందేలు జరిగే దారి, గోడ మీంచి దూకినట్టే ఉంటుంది. రెండోది ఫ్రాన్సులో ఉంది, ఎంతసేపు జారినా అయిపోదు. మూడోది అసలు దారే కాదు, మంచు నది. దాని మీద తెలిసినవాళ్ళు తోడు లేనిదే దిగరు.

మరుసటి రోజుకే ఆ పేర్లు లైనులో అరిగి స్ట్రైకు, సారె, వాలు అయిపోయాయి.

“నాకు స్ట్రైకే కావల్ల,” అంది కాలరు కుట్టే మీనా, టిఫిన్ డబ్బా మూత తీస్తూ. “దూకితే అట్ల దూకల్ల. మా అత్త ఇంట్లోనించి అట్లనే దూకాలని ఉండాది.”

“నువ్వు దూకితే మీ అత్త పట్టాలు కొనిస్తాది పోవే!”

“రేణుకి మాత్రం సారె. పెండ్లయి మూడు నెల్లు కాలే, ఇంగా సారె మీదనే కన్ను.”

“ఎంతసేపు జారినా అయిపోదంట కదక్కా,” అంది రేణు నవ్వు ఆపుకోలేక. “ఇద్దరమూ పక్కపక్కనే జారుకుంటా, మాట్లాడుకుంటా పోవచ్చు.”

“అయ్యో శివనే! ఈ పిల్లకి సిగ్గనేది లేనే లేదు!”

మారక్క అందరూ నవ్వేదాకా ఆగింది. అత్తిముగం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. మొగుడు పోయాక మేకలు అమ్మేసి మిషను ఎక్కింది. పచ్చ కోటు తెరిచి గీత మీద వేలు పెట్టి కిందికి నడిపించింది.

“నాకు వాలే బాగుండాది. చూడు, ఎంత నిదానంగా దిగుతాదో. మేకలు గూడా దిగొచ్చు.”

“మంచులో మేకలు యాడుంటాయక్కా?”

“ఉంటే దిగొచ్చు అంటి. అంతే.”

కోటు భుజం కింద, గుడ్డకూ దూదికీ నడుమ వేలంత నల్ల పట్టీ ఒకటి పెట్టి కుట్టేయాలి. ఆ పని మారక్కది. పోయిన ఆర్డరులో కూడా చూడ్డానికి అచ్చం ఇట్లాంటి పట్టీలే వచ్చాయి. అవి షాపుల్లో దొంగల కోసం. ఎవరైనా బట్ట దాచుకుని తలుపు దాటితే కీమని అరుస్తాయి. ఏ బట్టలో ఉందో దొంగకు తెలియదు కాబట్టి పదింటికి ఒకటి చాలని అప్పుడు ఆర్డరిచ్చినవాళ్ళే చెప్పారు. ఈసారి సంచుల నిండా పట్టీలు దిగేసరికి లైను సూపర్‌వైజరు పుష్పావతి వాటిని చూసి, “వీళ్ళెవురో శానా పంపేసినారే! మిగిలినవి పక్కన పెట్టండి, తిరిగి ఇచ్చేద్దాము,” అంది. ఆర్డరు వివరాలన్నీ ఆఫీసు కంప్యూటరులో ఉంటాయి. లైను మీదికి వచ్చేది గుడ్డ, దారం, నోటి మాట. మారక్క పదింటికి ఒకటి పెట్టి కుట్టింది. బయటికి తేడా ఏమీ కనబడదు. లైను చివర నిలబడి కుట్లు లాగి చూసి, జిప్పులు ఎత్తి దించి చూసే రేణు అన్నిటికీ బాగుందని పచ్చ స్టిక్కరు అంటించింది.

చివరి పెట్టెలు కట్టే ముందు రోజు సాయంత్రం రేణు ఇంటికి వచ్చేసరికి మొగుడు చంద్రు మిద్దె మీద చాప పరిచి ఉంచాడు. చాప పక్కన చెంబులో గులాబీలు. తోటల వాళ్ళు కాడ పొట్టిగా ఉందని ఎగుమతిలోంచి తీసేసినవి. ఉద్దనపల్లి దారిలో తోటలో పనిచేసే స్నేహితుడు ఇస్తాడు, చంద్రు పెండ్లాం కోసం తెస్తాడు. పెండ్లయినప్పటి నుంచి అతను చేతులు ఊపుకుంటూ ఇంటికి వచ్చింది లేదు. ఒక రోజు పూలు, ఒక రోజు పొట్లం కట్టించిన మసాలా పూరి, ఏమీ దొరకని రోజు బస్సులో విన్న జోకు. అతని కంపెనీలో కాంట్రాక్టు వాళ్ళను కొద్దికొద్దిగా మానిపిస్తున్నారు. ఆ సంగతి మాత్రం ఇద్దరూ మిద్దె మీదికి తేరు. నెలాఖరుకు రేణు పని పర్మనెంటు అవుతుంది, అంతవరకు ఎట్లాగో నెట్టుకొస్తే చాలునని వాళ్ళ లెక్క.

“ఈ దినం ఏ కొండకు పోదాం?” అన్నాడు చంద్రు ఫోను తీసి.

“వాలుకు పోదాం బావా. మారక్కది. మనది నిన్న చూసినాము కదా.”

ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. ఆకాశానికి ఆనుకున్న సూదికొండ మీంచి మనుషులు తాడు పట్టుకుని దిగి, పట్టాలు తొడుక్కుని, తెల్లటి మైదానం లాంటి వాలులోకి జారిపోయారు. ఎవరి వెనకాల వాళ్ళకు మంచు పొడి దుమ్ములా లేచింది. కింద ఇంటివాళ్ళ కుక్కరు కూత పెడితే రేణు ఉలిక్కిపడింది, చంద్రు నవ్వాడు.

“ఒసే, నువ్వు ఆడనే ఉండావా? దిగు దిగు, అన్నం మాడిపోతాది.”

“ఉండు బావా, ఇంగొంచెం.”

ఆ వీడియో అయిపోయి దానంతట అదే ఇంకొకటి మొదలైంది. ఈసారి కొండవాలు మొత్తం ఒక్కసారిగా పగిలి కిందికి జారింది. పైన జారుతున్న మనిషి చేతులు ఎత్తి, మునిగి, మరి కనబడలేదు. తర్వాత పసుపు చొక్కాల వాళ్ళు వచ్చారు. ఒకడి చేతిలో పెద్ద టార్చిలైటంత యంత్రం. దాన్ని మంచు మీద అటూ ఇటూ తిప్పుతూ నడిచాడు. ఒకచోట అది కూసింది. అందరూ అక్కడ పారలతో పడ్డారు. ముందు చెయ్యి, తర్వాత నీలం పెదవులతో ముఖం బయటికి వచ్చాయి. ఆ ముఖం గాలి పీల్చుకుంది.

“అబ్బా, బతికినాడు!” అన్నాడు చంద్రు.

యంత్రం దేన్ని పట్టుకుందో తర్వాత చూపించారు. కోటు భుజం విప్పి, వేలంత నల్ల పట్టీని వెలుగులో పట్టుకున్నారు. దీనికి బ్యాటరీ లేదు, యంత్రం పిలిస్తే ఇది బదులు పలుకుతుంది, అంతే, అని కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు.

రేణు ఫోను తన చేతిలోకి లాక్కుంది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది.

“ఏమాయె?”

“బావా, అది దొంగల పట్టీ కాదు.”

చెప్పింది. పదింటికి ఒకటే కుట్టిన సంగతి విని చంద్రు చాప మీద లేచి కూర్చున్నాడు. “పెట్టెలు యాడుండాయి ఇప్పుడు?”

“ప్యాకింగులో. రేపు సాయంత్రం కంటైనరు పోతాది.”

“చిన్నమ్మకి చెప్పు. ఆమెకి తెలీదా ఏం చేయల్లో?”

పుష్పావతి చంద్రుకు తల్లి చెల్లెలు. రేణును ఆ పనిలో పెట్టించింది ఆమే.

పొద్దున్నే రేణు ఆమెను స్టోరు గది పక్కకు పిలిచి చెప్పింది. పుష్పావతి చుట్టూ ఒకసారి చూసింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఎవురికి చెప్పినావు?”

“మీ కొడుక్కి ఒక్కనికే చిన్నత్తా.”

“అంతటితో సుమ్నే నోరు మూసుకుని ఉండు. పక్కన పెట్టమన్నది నేను. కుట్టింది మారక్క. స్టిక్కరు వేసింది నువ్వు. ముగ్గురమూ గేటు బయటికి పోతాము. అంతా విప్పి కుట్టల్లంటే వారం పడతాది. కంటైనరు నిలబడదు. ఆర్డరు పోతే లైను మొత్తం పోతాది, తెలుసునా? ఇంట్లో మగోనికి పని ఉంటాదో పోతాదో తెలీదు, నీకెందుకమ్మా ఇది?”

“ఎవురన్నా మంచు కింద పడితే?”

“పడేవాళ్ళకి దేవుడుండాడు. పో, పని చూడు.”

రేణు పోయి లైను చివర నిలబడింది. మిగిలిన కొద్ది కోట్లు వస్తున్నాయి. ఒక పచ్చ కోటు చేతికి వచ్చింది. భుజం కింద నొక్కి చూసింది, మెత్తగా దూది తప్ప ఏమీ తగల్లేదు. ఇంకొకటి నొక్కింది. అదీ అంతే. స్టిక్కరు చేతిలో పట్టుకుని ఆమె అంటించలేకపోయింది.

భోజనాల వేళ మారక్క పక్కన కూర్చుని మెల్లగా చెప్పేసింది. తన మీద అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకుంది. మారక్క ముద్ద నోట్లో పెట్టుకోబోయి డబ్బాలోకి వదిలేసింది.

“పిలిస్తే పలుకుతాదంటివా?”

“ఊ.”

“మా ఆయన మీద క్వారీలో రాయి ఊడి పడినప్పుడు,” అంది మారక్క, ఎవరికో దారి చెబుతున్నంత మామూలుగా, “రాళ్ళ గుట్టలో యాడుండాడో తెలీలేదు పాపా. ఒకడు ఈ పక్క అంటాడు, ఒకడు ఆ పక్క అంటాడు. జేసీబీ పెడితే మనిషి నలిగిపోతాడని చేతుల్తో తీసినారు. నేను గుట్ట చుట్టూ తిరుక్కుంటా పిలుస్తానే ఉంటి. మూడో దినం దొరికినాడు. గోళ్ళు ఉండలే ఆయనకి. గీకి గీకి అరిగిపోయినాయి. అంటే లోపల బతికే ఉండినాడు కదా?”

రేణు తన డబ్బా మూత పెట్టేసింది.

మారక్క చెయ్యి కడుక్కుని మిషను దగ్గరికి వెళ్ళింది. పక్కన పెట్టిన పట్టీల సంచి ఒకటి, దారం తెంచే కత్తెర ఒకటి తీసుకుని ప్యాకింగు గదిలోకి నడిచింది. ఎవరూ ఆపేలోపల ఒక పెట్టె టేపు చీల్చి, పచ్చ కోట్లు నేల మీద పరిచి, భుజాల కింద కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో సందులో ఒక్కో పట్టీ దోపి పక్కకు పెడుతోంది. ఆమె చేతులు లైనులో కంటే వేగంగా కదులుతున్నాయి.

“మారక్కా, పిచ్చి పట్టిందా నీకు?” పుష్పావతి పరుగెత్తుకొచ్చింది. ఆ వెనకాలే ఫ్లోరు మేనేజరు చెన్నకేశవులు. పొద్దుటి నుంచి కంటైనరు డ్రైవరుతో ఫోనులో గొడవపడి గొంతు బొంగురుపోయిన మనిషి.

“ఏమ్మా ఇది? ఏల చింపుతుండావు?”

“చింపలే సార్. సరిచేస్తుండాను.”

“ఎవురు చెప్పినారు నీకు?”

మారక్క తల ఎత్తకుండా పని చేస్తూనే ఉంది. రేణు పేరు ఆమె నోటి నుంచి రాలేదు. పుష్పావతి రేణు వైపు చూసి కళ్ళతో వద్దని చెప్పింది. గదిలో ఫ్యాను చప్పుడు, కత్తెర చప్పుడు.

“నేను చెప్పినాను సార్,” అంది రేణు. “ఆ పట్టీ అన్ని కోట్లలో ఉండల్ల. మనము పదింటికి ఒకటి పెట్టినాము. మంచు కింద పడినోళ్ళని దానితోనే కనుక్కుంటారు. నేను చూసినాను. నేనే పాస్ చేసినాను సార్, తెలీక. పెట్టెలు విప్పనీండి.”

చెన్నకేశవులు ఆమెను తిట్టలేదు. పక్కనున్న పెట్టె మీద కూర్చుని ముఖం రెండు చేతులతో రుద్దుకున్నాడు. ఒక కోటు తీసుకుని మెడ దగ్గర వేలాడే అట్టముక్కలు తిప్పి చూశాడు. కొలతది ఒకటి, ఉతికే పద్ధతిది ఒకటి, దారి పేరుది ఒకటి. అన్నిటి వెనకాల చిన్నది ఇంకొకటి, దాని మీద పట్టీ బొమ్మ, మంచు కింద పడితే ఇది పలుకుతుందని ఇంగ్లీషులో ఒక ముక్క. ఇన్ని రోజులూ కళ్ళ ముందే వేలాడింది. ఎవరూ దాని వంక చూసింది లేదు. ఆ అట్ట పట్టుకుని బయటికి పోయి ఎవరితోనో ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి అతని గొంతు కుదుటపడి ఉంది.

“ఈ కడపటి అట్ట కోసేయండి,” అన్నాడు. “అన్నిటికీ. అట్ట ఉంటే లోపల పట్టీ వెతుకుతారు, లేదని తెలిస్తే కంటైనరు తిరిగి వస్తాది. అట్ట లేదంటే మరిచిపోయినామని ఒక మెయిలు చాలు.”

“అట్ట కోస్తే ఏమి సార్?” అంది మారక్క. “పట్టీ వస్తాదా?”

“నీతో మాట్లాడలేదమ్మా. రేణూ, ఏది ఉంచల్ల, ఏది కోయల్ల అని చదివి తెలిసేది నీకే. నువ్వు ఈడ కూర్చో. నెలాఖరుకి నీ పర్మనెంటుకి నేనే సంతకం పెట్టల్ల, పెడతాను. పుష్పావతీ, ఆమె విప్పినవి మూయించు.”

అతను వెళ్ళిపోయాడు. పుష్పావతి రేణు ముందు కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. గట్టిగా ఒత్తింది. తలుపు దగ్గర మీనా, ఆమె వెనకాల లైనులో సగం మంది నిలబడి చూస్తున్నారు. ఆ కళ్ళన్నీ ‘మా పని ఏమవుతాది?’ అని అడుగుతున్నట్టు అనిపించింది రేణుకు. ఫోను తీసి ఆర్డరిచ్చినవాళ్ళకు తానే రాయవచ్చునని ఆమెకు తెలుసు. వాళ్ళ పేరు, అడ్రసు ప్రతి అట్ట మీదా ఉన్నాయి. ఆ తర్వాత ఈ గది ఎట్లా ఉంటుందో కూడా తెలుసు.

ఆమె కత్తెర అందుకుంది.

మొదటి అట్ట తెగి ఒళ్ళో పడింది. మారక్క అప్పుడు చేతిలో పని ఆపింది.

“నాకు చెప్పింది నువ్వే కదా పాపా,” అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు. “చెప్పకుంటే నేను హాయిగా కుడతానే ఉందును కదా. మరి నువ్వే కోస్తావా?”

“అక్కా, లైను పోతాదంట...”

“పోతాది. పోనీ. కాదన్నానా?”

రేణు రెండో అట్ట కోసింది. మారక్క కాసేపు ఆమె చేతుల వంక చూసి, లేచి, చీరకు అంటిన దూది దులుపుకుంది. మెడలో వేలాడే ఐడీ కార్డు తీసి విప్పిన కోట్ల మీద పెట్టింది. తలుపు దగ్గర ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. “అక్కా, భోజనం డబ్బా మరిచిపోయినావు,” అని మీనా వెనకాల పరుగెత్తింది. మారక్క డబ్బా తీసుకుంది. గేటు దాటి ఎండలో బస్సు స్టాపు వైపు నడిచిపోవడం కిటికీలోంచి కనబడింది.

విప్పిన కోట్లు మూయడానికి మీనాను పిలిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. చివరికి రేణే మారక్క మిషను ముందు కూర్చుంది. లైను చివరకు మారినప్పటి నుంచి ఆమె కుట్టు ముట్టింది లేదు, మొదటి కుట్టు వంకర పోయింది. మారక్క దోపిన పట్టీలు ఆ సందుల్లోనే ఉన్నాయి. పుష్పావతి వాటిని చూసింది, తీసేయమనలేదు. రేణు ఒక్కొక్కటీ అలాగే పెట్టి కుట్టింది. ఒక పెట్టెకు సరిపడేన్ని కోట్లు. అవి పూర్తయ్యాక మళ్ళీ కత్తెర తీసుకుంది. ప్యాకింగు వాళ్ళు మిగిలిన పెట్టెలు విప్పి, ఆమె చూపిన అట్టనే తలా ఒక కత్తెరతో కోస్తున్నారు. అట్టలు ఒళ్ళోంచి జారి నేల మీద పడ్డాయి, ఊడ్చేవాళ్ళు వచ్చి మిగిలిన పట్టీల సంచులతో కలిపి వాటిని కూడా గోతంలోకి ఎత్తారు.

పొద్దు వాలకముందే కంటైనరు తలుపులు తెరుచుకున్నాయి. ప్యాకింగు వాళ్ళు లెక్క సరిచేయడానికి పెట్టెల్లో కోట్లు అటూ ఇటూ సర్దారు. మారక్క పట్టీలున్న పెట్టెలోవి కదిలించవద్దని రేణు చెప్పబోయేలోపలే పచ్చ కోట్లు చేతులు మారి వేరే పెట్టెల్లోకి పోయాయి. ఆమె లేచి వెళ్ళి ఒక పెట్టెలో చెయ్యి పెట్టి భుజాల కింద నొక్కి చూసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. దూదే తగిలింది. టేపు వేసేవాడు పక్కనే నిలబడి ఆగాడు.

“అక్కా, వేసేద్దునా?” అన్నాడు.

రేణు చెయ్యి బయటికి తీసింది.